ఎర్ర వైన్ రుచి పరిశీలన

ఎర్ర వైన్ రుచి పరిశీలన అనగా నల్ల ద్రాక్షపండ్లను తొక్కలతో, గింజలతో సహా పులియబెట్టి తయారుచేసిన వైన్‌ను కంటితో, ముక్కుతో, నాలుకతో వరుసగా పరీక్షించి దాని గుణదోషాలను నిర్ణయించే పద్ధతి. రంగు, వాసన, పులుపు, వగరు, నిండుదనం, రుచి నోటిలో నిలిచే కాలం ఈ పరిశీలనలో చూసే ముఖ్య లక్షణాలు. అనుభవజ్ఞులు వీటి ఆధారంగా ఆ వైన్ ఏ రకపు ద్రాక్షతో, ఏ ప్రాంతంలో, సుమారు ఎన్నేళ్ల క్రితం తయారయిందో అంచనా వేస్తారు. ఈ పనికి వైన్‌ను మింగవలసిన అవసరం లేదు. వృత్తిగా చేసేవారు నోటిలో తిప్పి ఉమ్మివేస్తారు. తయారీదారులు, వ్యాపారులు, పెద్ద హోటళ్లలో వైన్ వడ్డించే నిపుణులు (వీరిని సొమెలియేలు అంటారు) దీనిని ఒక విద్యగా అభ్యసిస్తారు.

తెలుగువారికి ఈ విద్య కొత్తదే అయినా దానికి కావలసిన పదజాలం తెలుగులో పుష్కలంగా ఉన్నది. ఎర్ర వైన్‌కు ప్రాణమైన వగరును ఆరు రుచులలో ఒకటిగా లెక్కించి, ఉగాది పచ్చడిలో ఏటేటా రుచిచూసే సంప్రదాయం మనది.

పేరు గురించి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో "వైన్స్" అనే బోర్డు ఉన్న దుకాణంలో దొరికేది ప్రధానంగా విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. అసలైన వైన్ ఉంటే ఏ మూలనో నాలుగు సీసాలు ఉంటాయి. ఈ వాడుక వలన వైన్ అనేది మద్యం అన్నింటికీ సాధారణ నామమనే అపోహ పాతుకుపోయినది. వాస్తవానికి వైన్ పులియబెట్టి చేసే పానీయం, బట్టీపట్టి చేసేది కాదు. ఎర్ర వైన్‌లో ఆల్కహాలు సాధారణంగా నూటికి 12 నుండి 15 పాళ్లు ఉంటుంది; మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీలలో ఇది 42.8 పాళ్లు. తయారీ రీత్యా చూస్తే వైన్ కల్లుకు దగ్గరి చుట్టం. నాటుసారా, బ్రాందీలది వేరే వంశం.

ఈ కారణం చేతనే కొన్ని తెలుగు రచనలలో కనిపించే "ద్రాక్షసారా" అనే పదం వైన్‌కు సరిపోదు. సారా అంటే బట్టీ దించినది కనుక ఆ పేరు బ్రాందీకి చెల్లుతుంది. తెలుగు బైబిలులోని "ద్రాక్షారసం" అందమైన మాట, కానీ పులియని రసం అనే అర్థం కూడా ఇస్తుంది. "ద్రాక్షాసవం" శాస్త్రీయంగా సరైనదే. అయితే ఆ పేరుతో ఆయుర్వేద దుకాణాలలో ఒక మందు అమ్ముడవుతున్నది. అందుచేత ఈ వ్యాసంలో వైన్ అనే మాటనే వాడడం జరిగినది.

వైన్‌ను పుట్టిన చోటును బట్టి పిలవడం యూరపు వారు మాత్రమే ఎరిగిన పద్ధతి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని సురాధ్యక్ష ప్రకరణంలో ద్రాక్షరసంతో చేసిన మద్యానికి "మధు" అని పేరు చెప్పి, అది పుట్టిన దేశాన్ని బట్టి కాపిశాయనం, హారహూరకం అనే పేర్లు వచ్చాయని వివరించబడినది. కాపిశి నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని బెగ్రాం ప్రాంతం. నేడు బోర్డో, రియోహా, బరోలో అని ఊరి పేరుతో, సీమ పేరుతో సీసా మీద ముద్రించడం వెనుక ఉన్న ఆలోచనా అదే.

ఎరుపు, వగరు ఎక్కడి నుండి వస్తాయి

చాలా రకాల నల్ల ద్రాక్షలను చిదిమి చూస్తే లోపలి గుజ్జు, రసం రంగులేకుండా ఉంటాయి. ఎరుపు తొక్కలో ఉన్నది. రసాన్ని తొక్కల నుండి వెంటనే వేరుచేస్తే నల్ల ద్రాక్షతో కూడా తెల్ల వైన్ తయారుచేయవచ్చు. రోజుల తరబడి తొక్కలతో కలిపి పులియబెట్టినప్పుడు ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు, టానిన్లు అనే వగరు పదార్థాలు రసంలోకి దిగుతాయి. నేరేడుపండు తిన్నప్పుడు నాలుక ఊదారంగుకు తిరగడం, నోరు పట్టేసినట్లు కావడం ఈ రెండు జాతుల పదార్థాల పనే. ఎర్ర వైన్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్పవలసివస్తే నేరేడుపండును తలచుకొమ్మని చెప్పవచ్చు.

వైన్ కోసం పెంచే ద్రాక్ష మనం బండ్ల మీద కొనే ద్రాక్ష వంటిది కాదు. కాయ చిన్నది, తొక్క మందం, గింజలు ఉంటాయి, తీపి చాలా ఎక్కువ. తొక్క పాలు ఎక్కువగా ఉండడం వలననే రంగు, వగరు, వాసన చిక్కగా వస్తాయి. పంతొమ్మిదవ శతాబ్దం చివరలో హైదరాబాదుకు వచ్చి ప్రసిద్ధి పొందిన అనాబ్-ఎ-షాహి రకం తినడానికి శ్రేష్ఠమైనది. నీరు ఎక్కువ, తొక్క పలుచన, పైగా తెల్ల రకం కనుక ఎర్ర వైన్‌కు పనికిరాదు.

ఆరు రుచులతో వైన్‌ను చదవడం

వగరు: టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లతో పెనవేసుకొని వాటిని విడగొడతాయి. నోటికి జారుడునిచ్చే పొర పోవడంతో చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం ఎండినట్లు, గరుకుగా అనిపిస్తాయి. శరీరశాస్త్రం దృష్టిలో ఇది రుచి కంటే స్పర్శకు చెందిన అనుభవం. వక్క, పచ్చి అరటికాయ, ఎక్కువసేపు మరిగిన టీ డికాషన్ దీనికి ఇంటింటా దొరికే ఉదాహరణలు. నల్లమల అంచున ఉన్న అర్ధవీడు, కంభం, గిద్దలూరు ప్రాంతాలలో పండీపండని తునికికాయ కొరికినవారికి టానిన్ గురించి వేరే పాఠం అవసరం లేదు. పరిశీలకుడు వగరు ఎంత ఉన్నదో చూసి ఊరుకోడు. అది ఎలాంటిదో కూడా చూస్తాడు. పచ్చి వక్కలా నోరు కట్టేస్తున్నదా, మాగిన నేరేడులా మెత్తగా పరుచుకొని పోతున్నదా అన్నది ముఖ్యం. మంచి వైన్ వయసు పెరిగేకొద్దీ మొదటి స్థితి నుండి రెండవ స్థితికి వస్తుంది.

పులుపు: ద్రాక్షలోని ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. చింతపండుకు పులుపునిచ్చేది కూడా ఇదే. రెండవది పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం. దాదాపు అన్ని ఎర్ర వైన్లలోను బాక్టీరియా ఈ మాలిక్ ఆమ్లాన్ని పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. అందువలన కరకు తగ్గి నునుపు వస్తుంది. పులుపును కొలవడానికి సులువైన మార్గం ఉమ్మివేసిన తరువాత నాలుక రెండు పక్కలా ఎంత నీరు ఊరుతున్నదో గమనించడం. వగరు నోటిని ఎండబెడుతుంది, పులుపు ఊరిస్తుంది. మొదట్లో ఈ రెండింటినీ కలగాపులగం చేయడం సహజం. ఈ ఒక్క తేడాను పట్టుకుంటే సగం విద్య వచ్చినట్లే.

తీపి: బల్ల మీద భోజనంతో తీసుకునే ఎర్ర వైన్లలో చక్కెర దాదాపుగా ఉండదు, ఈస్టు దానిని ఆల్కహాలుగా మార్చివేస్తుంది. పండిన పళ్ల వాసన వలన తీపి ఉన్నదనే భ్రమ కలుగుతుంది. ముక్కు మూసుకొని చప్పరిస్తే ఆ తీపి మాయమవుతుంది.

చేదు, కారం, ఉప్పు: చేదు గింజలు నలిగినందువలన రావచ్చు. నాలుక మీద మంటలా తోచే కారం ఆల్కహాలు వలన కలిగేది. 14 పాళ్లు దాటిన వైన్లలో గొంతు వెనుక వెచ్చదనం స్పష్టంగా తెలుస్తుంది. ఉప్పు ఎర్ర వైన్లలో అరుదు.

వాసన

రుచి అని మనం అనుకునేదానిలో పెద్ద భాగం వాసనే. జలుబు చేసినప్పుడు కూర చప్పగా అనిపించడం అందరికీ అనుభవమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు చెందిన ఆన్ నోబుల్ 1984లో వైన్ వాసనలను పళ్లు, పూలు, మసాలాలు, కట్టె, మట్టి వంటి వర్గాలుగా విభజించి ఒక చక్రం రూపంలో ప్రచురించారు. ఎవరి తోచిన వర్ణన వారు చేయకుండా అందరూ ఒకే అర్థంలో మాటలు వాడాలన్నది దాని ఉద్దేశం.

ఈ చక్రంలోని పళ్లు చాలావరకు చలిదేశాలవి. బ్లాక్‌కరెంట్, రాస్ప్‌బెర్రీ అన్నవి మన సంతలలో కనబడవు. వాటి బదులు నేరేడు, మల్బరీ, దానిమ్మ, ఎండు ఖర్జూరం, కిస్మిస్, తాటిబెల్లం అని రాసుకున్నా పరిశీలనకు వచ్చే నష్టం ఏమీ లేదు. లవంగం, మిరియం, పొగాకు, కొత్త తోలు చెప్పు, తొలకరి వానకు తడిసిన మట్టి అన్నవి ఇరుపక్షాలకూ తెలిసినవే. పాత బోర్డో వైన్లలో పొగాకు వాసన వస్తుందని యూరపు పుస్తకాలు రాస్తాయి. బ్యారన్‌లో కాల్చిన పొగాకును ముక్కుతోనే నాణ్యం కట్టగల రైతులున్న ప్రకాశం ప్రాంతంలో ఆ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ వాసనలు కవిత్వం మాత్రమే అనుకోరాదు, కొన్నింటికి రసాయన నిరూపణ ఉన్నది. సిరా ద్రాక్ష వైన్లలో వచ్చే మిరియం వాసనకు కారణం రోటండోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారు. అదే పదార్థం నిజమైన మిరియాలలోనూ ఉన్నది. విచిత్రమేమంటే సుమారు అయిదుగురిలో ఒకరి ముక్కు దీనిని పసిగట్టలేదు. కాబెర్నె సావిన్యో ద్రాక్ష సరిగా పండనప్పుడు వచ్చే బెంగుళూరు మిర్చి (కాప్సికం) వాసనకు మెథాక్సీపైరజీన్లు కారణం. వెనిలా వాసన ఓక్ కట్టె పీపా నుండి వస్తుంది. అమెరికా ఓక్ అయితే కొబ్బరి వాసన కూడా తోడవుతుంది.

పరిశీలించే విధానం

గది గాలిలో అగరుబత్తి, సెంటు, తాలింపు వాసనలు ఉండరాదు. పరిశీలకుడు తాంబూలం, కాఫీ, పచ్చళ్లు ముట్టకుండా కనీసం గంట గడవాలి. అడుగు వెడల్పుగా, అంచు సన్నగా ఉండే కాడ గల గాజు గ్లాసులో మూడవ వంతు కన్న తక్కువ పోయాలి.

పుస్తకాలలో ఎర్ర వైన్‌ను "గది ఉష్ణోగ్రత" వద్ద ఇవ్వాలని రాసి ఉంటుంది. ఇది పూర్వం యూరపు ఇళ్లలోని గది. 16 నుండి 18 డిగ్రీల సెల్సియస్ అని అర్థం. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మార్కాపురంలో గది ఉష్ణోగ్రతకు ఉంచిన వైన్‌లో ఆల్కహాలు ఘాటు తప్ప మరేమీ తెలియదు. ఫ్రిజ్‌లో అరగంట, ముప్పావుగంట ఉంచి తీయడం మన వాతావరణానికి తప్పనిసరి.

మొదట గ్లాసును వంచి తెల్ల కాగితం మీద రంగు చూడాలి. లేత వైన్ అంచు ఊదాగా, ముదిరినది ఇటుక రంగుగా ఉంటుంది. తెల్ల వైన్ వయసుతో ముదురు రంగుకు తిరిగితే ఎర్ర వైన్ వయసుతో వెలిసిపోతుంది. గ్లాసు గోడల మీద జారే ధారలను చూసి వైన్ గొప్పదని చెప్పేవారున్నారు. అవి ప్రధానంగా ఆల్కహాలు, నీరు వేరువేరు వేగాలతో ఆవిరి కావడం వలన ఏర్పడేవి, నాణ్యతకు గుర్తు కావు.

తరువాత గ్లాసును కదపకుండా ఒకసారి, గుండ్రంగా తిప్పి మరొకసారి వాసన చూడాలి. ముక్కు త్వరగా అలవాటుపడి మొద్దుబారుతుంది కనుక చిన్నచిన్న పీల్పులు మేలు. ఆపైన చిన్న గుక్క తీసుకొని, పెదవుల మధ్య నుండి కొద్దిగా గాలి లోపలికి లాగుతూ నోరంతా తిప్పాలి. చూసేవారికి ఇది మర్యాదగా తోచకపోయినా నోటి వెనుక నుండి ముక్కుకు వాసన చేరడానికి ఇదే దారి. పది, పదిహేను క్షణాల తరువాత ఉమ్మివేసి, రుచి ఎంతసేపు నిలిచినదో లెక్కపెట్టాలి. సాధారణ వైన్ అయిదారు క్షణాలలో మాయమవుతుంది. ఉత్తమమైనది అరనిమిషం దాటినా మారుతూ ఉంటుంది. ఒక వైన్‌కు మరొక వైన్‌కు మధ్య మంచినీటితో పుక్కిలించి, ఉప్పులేని బ్రెడ్డు లేదా మరమరాలు నమలవచ్చును. తేలికవి ముందు, బరువైనవి తరువాత అనేది వరుస. చివరగా, చూసినది చూసినట్లు కాగితం మీద రాయాలి. జ్ఞాపకం మీద ఆధారపడితే నాలుగవ గ్లాసుకు మొదటిది గుర్తుండదు.

ప్రాంతాల వారీగా ఎర్ర వైన్లు

ఫ్రాన్సు నైరుతిలోని బోర్డో కాబెర్నె సావిన్యో, మెర్లో ద్రాక్షల మిశ్రమానికి పేరుపడినది. గరోన్ నది, జిరోండ్ ముఖద్వారాలకు ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేలలలో కాబెర్నెది పైచేయి; వగరు గట్టిగా, నిటారుగా ఉంటుంది. కుడి ఒడ్డున బంకమట్టి నేలలలో మెర్లోది పైచేయి, నునుపు ఎక్కువ. ఎడమ ఒడ్డు తోటలకు 1855లో ఇచ్చిన శ్రేణులు నేటికీ దాదాపు అలాగే ఉన్నాయి. మొదటి శ్రేణికి ఆ తరువాత పైకి వచ్చినది 1973లో ఒక్క మూతాన్ రోత్‌షీల్డ్ మాత్రమే. కాబెర్నె సావిన్యో అనేది కాబెర్నె ఫ్రాన్ అనే నల్ల ద్రాక్షకు, సావిన్యో బ్లాన్ అనే తెల్ల ద్రాక్షకు పుట్టిన సంకరమని డి.ఎన్.ఏ. పరీక్షల ద్వారా 1997లో తేలినది.

తూర్పున ఉన్న బర్గండీ ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ ఎర్ర వైన్‌కు దాదాపు ఒకే ద్రాక్ష, పినో న్వార్. రంగు పలుచన, వగరు తక్కువ, పులుపు చురుకు, వాసన అతి సున్నితం. ద్రాక్ష ఒకటే కావడం వలన పక్కపక్క మళ్ల మధ్య తేడా బయటపడుతుంది. శతాబ్దాలుగా గట్లు వేసి పేర్లు పెట్టిన ఈ మళ్లను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. రోన్ లోయ ఉత్తర భాగం సిరా ద్రాక్షకు పుట్టినిల్లు. మిరియం, పొగ వాసనలు అక్కడి గుర్తు.

ఇటలీ వాయవ్యాన పియెమోంతె సీమలో నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలో కొత్తవారిని తప్పక బోల్తా కొట్టిస్తుంది. చూడడానికి పలుచని ఎరుపు, వాసనకు గులాబీ, తారు. నోట పెడితే మాత్రం అతి తీవ్రమైన వగరు. రంగును బట్టి బలం అంచనా వేయరాదని నేర్పడానికి ఇంతకన్న మంచి పాఠం లేదు. చట్టం ప్రకారం బరోలోను కనీసం 38 నెలలు మాగబెట్టాలి. టస్కనీలోని కియాంతి క్లాసికోలో సాంజొవేసె ద్రాక్ష నూటికి 80 పాళ్లకు తగ్గరాదు. దాని పులుపు టమాటా వంటకాలకు బాగా కలుస్తుంది.

స్పెయిన్‌లోని రియోహాలో టెంప్రనీయో ద్రాక్ష వైన్‌ను ఓక్ పీపాలలో ఎక్కువ కాలం ఉంచి, ఆ కాలాన్ని బట్టి క్రియాంత్సా, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా అని పేర్లు పెడతారు. గ్రాన్ రెసెర్వా కనీసం అయిదేళ్లు మాగాలి. అందులో రెండేళ్లు పీపాలోనే. అదే దేశంలో కాటలోనియాకు చెందిన ప్రియొరాత్ మన పాఠకులకు ప్రత్యేక ఆసక్తి కలిగించవచ్చు. అక్కడి కొండవాలులలో మట్టి బదులు ముక్కలు ముక్కలుగా విరిగిన నల్లని పలకరాయి ఉంటుంది. మార్కాపురం గనులలో తీసి తరతరాల బడిపిల్లలకు అక్షరాభ్యాసపు పలకలుగా పంపినదీ పలకరాయి జాతిదే. రాతి పొరల నడుమ నీటి కోసం వేళ్లు లోతుకు పోవడం, దిగుబడి బాగా తగ్గిపోవడం వలన ప్రియొరాత్ వైన్లు చిక్కగా, ఘాటుగా ఉంటాయి. వైన్‌లో రాతి రుచి తెలుస్తుందని కొందరు అంటారు. వేళ్లు రాతిని పీల్చి కాయలోకి పంపవు; నేల ప్రభావం నీటి పారుదల, వేడి నిలుపుదల, పోషకాల ద్వారా పరోక్షంగా కలిగేది. పలకరాయి ఉన్నంత మాత్రాన మార్కాపురం ప్రియొరాత్ కాజాలదు. అక్కడి శీతాకాలం ఇక్కడ లేదు.

దక్షిణ అమెరికాలో అర్జెంటీనాకు చెందిన మెందోసా ఆండీస్ పర్వత పాదాలలో ఎత్తైన తోటలకు, మాల్‌బెక్ ద్రాక్షకు ప్రసిద్ధి. చిలీ కథ మరింత రంజుగా ఉంటుంది. అక్కడ మెర్లో అని పెంచుతున్న తీగలలో చాలా భాగం కార్మెనేర్ అని 1994లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్ మిషెల్ బూర్సికో గుర్తించారు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఫిలొక్సెరా అనే పురుగు యూరపు తోటలను నాశనం చేసిన తరువాత బోర్డోలో దాదాపు కనుమరుగైన రకం అది. ఆస్ట్రేలియాలో బరోసా లోయ షిరాజ్‌కు పేరుపొందినది. షిరాజ్ అన్నా సిరా అన్నా ఒకటే. ఇరాన్‌లోని షిరాజ్ నగరంతో ఈ ద్రాక్షకు సంబంధం లేదని, దాని తల్లిదండ్రులు రెండూ ఫ్రాన్సు రకాలేనని జన్యు పరీక్షలు చూపాయి. ఒకే ద్రాక్ష రోన్‌లో సన్నగా మిరియంలా, బరోసాలో తాటిబెల్లం పాకంలా ఉండడం ఎండ తెచ్చిన మార్పు. ఈ రెండు సీసాలను పక్కపక్కన పెట్టి చూడడం ప్రాంతభేదం తెలుసుకోవడానికి అతి సులువైన అభ్యాసం.

జార్జియా దేశంలో మట్టి బానలను భూమిలో పాతి వాటిలో వైన్ చేసే ఆచారం నేటికీ సజీవంగా ఉన్నది. అక్కడ సుమారు 8000 ఏళ్ల నాటి వైన్ జాడలు దొరికాయి.

భారతదేశం, తెలుగువారు

విజయనగరాన్ని సుమారు 1520లో సందర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి అంగళ్లలో దొరికే పళ్లలో ద్రాక్షను కూడా పేర్కొన్నాడు. వైన్ పరిశ్రమ మాత్రం ఇటీవలిది. మహారాష్ట్రలోని నాసిక్, కర్ణాటకలోని నంది కొండలు దీనికి ముఖ్య కేంద్రాలు. నంది కొండల దిగువన దొడ్డబళ్లాపురం వద్ద గ్రోవర్ సంస్థ 1988లోను, నాసిక్‌లో సులా సంస్థ 1999లోను స్థాపించబడినవి.

తెలుగువారి పాత్ర ఉన్న తోట విజయనగర రాజధాని దాపులనే ఉండడం యాదృచ్ఛికమైనా ముచ్చటగా ఉంటుంది. హైదరాబాదుకు చెందిన పారిశ్రామికవేత్తలు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు ఉత్తర కర్ణాటకలోని హంపి కొండల ప్రాంతంలో క్రస్మా అనే వైన్ సంస్థను నెలకొల్పారు. ఇద్దరి పేర్లలోని అక్షరాలతో ఆ పేరు ఏర్పడినది. కాబెర్నె సావిన్యో, సాంజొవేసె అక్కడి ఎర్ర రకాలలో ముఖ్యమైనవి. బోర్డో ద్రాక్ష, టస్కనీ ద్రాక్ష ఒకే ఎర్రనేలపై ఎలా మారతాయో తెలుసుకోదలచిన తెలుగు పాఠకునికి ఇది దగ్గరి ఉదాహరణ.

ఉష్ణమండలంలో ద్రాక్షతీగ శీతాకాలపు నిద్రపోదు. వదిలేస్తే ఏడాది పొడుగునా చిగురిస్తుంది. అందుచేత దక్కనులో ఏటా రెండుసార్లు కత్తిరింపు చేస్తారు. వేసవిలో చేసే మొదటి కత్తిరింపు కొమ్మ కోసం, వర్షాకాలం చివర చేసే రెండవది కాపు కోసం. కోత జనవరి నుండి మార్చి, ఏప్రిల్ వరకు సాగుతుంది. యూరపులో కోత సెప్టెంబరు, అక్టోబరులలో. ఎండ ధాటికి కాయలో తీపి త్వరగా ఎక్కి పులుపు పడిపోతుంది. వగరు మాత్రం పచ్చిగానే మిగిలే ప్రమాదం ఉన్నది. భారతీయ ఎర్ర వైన్‌ను పరిశీలించేటప్పుడు మొదట చూడవలసినది ఈ మూడింటి పొందికే. సముద్రమట్టానికి ఎత్తైన చోట్లను ఎంచుకోవడానికి కారణం కూడా అదే, అక్కడి రాత్రుల చలి పులుపును కాపాడుతుంది.

ఆనవాలు దాచిన పరీక్షలు

ఇదంతా నిజంగా నాలుకకు తెలిసేదేనా, లేక సీసా మీది పేరును, ధరను చూసి చెప్పేదా అన్న ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబుగా సీసాకు గుడ్డ చుట్టి పరీక్షించే పద్ధతి వచ్చినది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయ వ్యాపారి ఏర్పాటు చేసిన ఇటువంటి పరీక్షలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు ఎర్ర వైన్లలో మొదటి స్థానాన్ని కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973 కాబెర్నెకు ఇచ్చారు. బోర్డోకు చెందిన మేటి వైన్లు దాని తరువాత నిలిచాయి. ఫ్రాన్సుకు వెలుపల గొప్ప వైన్ పుట్టదనే నమ్మకం ఆ రోజుతో చెదిరినది.

అయితే నిపుణులను ఇబ్బందిపెట్టే ఫలితాలు కూడా కలవు. బోర్డోలో 54 మంది వైన్ శాస్త్ర విద్యార్థులకు వాసనలేని ఎర్రరంగు కలిపిన తెల్ల వైన్ ఇస్తే వారు దానిని ఎర్ర వైన్ మాటలతోనే వర్ణించారని 2001లో ప్రచురితమైన అధ్యయనం తెలిపినది. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో ఒకే వైన్‌ను తెలియకుండా మూడుసార్లు ఇచ్చి చూసిన రాబర్ట్ హాడ్జ్‌సన్, నిర్ణేతలలో సుమారు పదిమందిలో ఒకరే నిలకడగా మార్కులు వేశారని 2008లో ప్రకటించారు. కన్ను ముక్కును శాసిస్తుంది. మార్కుల సంఖ్యలను అతిగా నమ్మరాదనడానికి ఇవి నిదర్శనం. వగరు ఎక్కువా తక్కువా, పులుపు ఉన్నదా లేదా అనే మౌలిక తేడాలు మాత్రం కళ్లకు గంతలు కట్టినా తెలుస్తాయి. తెల్లవారుజామున దించిన కల్లుకు, ఎండెక్కిన తరువాతి కల్లుకు తేడాను చూడకుండానే చెప్పగలవారు మన పల్లెలలో ఎందరో ఉన్నారు.

ఈ రంగంలో అత్యున్నతమైన మాస్టర్ ఆఫ్ వైన్ పరీక్షలో పేర్లు దాచిన వైన్లను గుర్తించడం ఒక భాగం. 1953లో మొదలైన ఈ పరీక్షలో నెగ్గిన తొలి భారత నివాసి సోనల్ హాలండ్; ఆమె 2016లో ఉత్తీర్ణులయ్యారు.

లోపాలు

తడిసి బూజుపట్టిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడినదని అర్థం. ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం దీనికి కారణం. వెనిగర్ ఘాటు వస్తే గాలి తగిలి బాక్టీరియా చేరినది. మన దుకాణాలలో ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం ఉడికిన వాసన. ఎండలో, వేడి గోడౌన్లలో నిలవున్న సీసాలోని వైన్ కిస్మిస్ ఉడకబెట్టిన నీళ్లలా తయారవుతుంది. ఖరీదు పెట్టి కొన్న మొదటి సీసా ఇలా ఉంటే వైన్ అంటే ఇంతేనని విరక్తి చెందడం సహజం. దోషం ద్రాక్షది కాదు, నిలవది. బిరడా పైకి ఉబికి ఉన్నా, సీసా మెడ జిగటగా ఉన్నా కొనకపోవడం మంచిది.

ఆరోగ్యం, చట్టం

ఎర్ర వైన్ గుండెకు మేలు అనే ప్రచారం 1991లో అమెరికా టెలివిజన్ కార్యక్రమం ద్వారా విస్తరించినది. ఆ భావనకు తరువాతి పరిశోధనలు గట్టి మద్దతు ఇవ్వలేదు. ఆల్కహాలును అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ కాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చినది. ఏ కొద్ది పరిమాణమూ క్షేమకరమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మడం నేరం. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండవది సడలించబడినది. ఆ ఉద్యమం చూసిన ప్రాంతాలలో మద్యం రుచి గురించి మాట్లాడడమే చాలామందికి రుచించదు, అందుకు వారికి తగిన కారణాలు ఉన్నాయి. ఉమ్మివేయడాన్ని ఈ విద్యలో భాగంగా చూడవలసిన అవసరం ఇక్కడ మరింత ఎక్కువ.

తెలుగు భోజనంతో పొంతన

మిరపకారం వగరును, ఆల్కహాలు మంటను రెట్టింపు చేస్తుంది. గుంటూరు కారంతో వండిన కోడికూరతో గట్టి వగరు గల బరోలో, యువ బోర్డో తీసుకుంటే రెండూ చెడతాయి. ఇటువంటి భోజనానికి వగరు, ఆల్కహాలు తక్కువగా ఉండి కొంచెం చల్లబరచిన పినో న్వార్ వంటివి నయం. కొవ్వు, మాంసకృత్తులు, ఉప్పు వగరును మెత్తబరుస్తాయి; కారం తగ్గించి మిరియాలతో చేసిన వేటమాంసం వేపుడుకు సిరా చక్కగా కలుస్తుంది. పులుపు గల కూర వైన్‌లోని పులుపును తగ్గించి చూపుతుంది కనుక గోంగూర, చింతపండు పులుసులతో పులుపు తక్కువగా ఉన్న వైన్ నీళ్లలా చప్పబడుతుంది. అక్కడ సాంజొవేసె నిలబడుతుంది. ఆవకాయతో నిలబడగల ఎర్ర వైన్ ఈ రచయితకు ఇంతవరకు తారసపడలేదు.